రోహ్తాంగ్ దారిలో తెల్లపొగ

మా ఆయన పాశమైలారంలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు షిఫ్టులు చేశాడు. ఒంట్లో మిగిలింది దగ్గు. కొండల మీద ఊపిరి అందదు, అటువైపు పోవద్దని పటాన్‌చెరు డాక్టరు చెప్పిన వారానికే ఢిల్లీకి రైలు టికెట్లు తెచ్చి, మనాలి పోదామన్నాడు. బతికుండగా ఒక్కసారి మంచు చూడాలట. నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కారప్పూస చేసి డబ్బాలో పెట్టాను. అలిగినా ఆకలి ఆగదు కదా.

మనాలిలో రోహ్తాంగ్ కనుమ దాకా జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు ఆ కొండల మనిషే, మా ఆయన ఈడువాడు. పైకి పోయేకొద్దీ దేవదారు చెట్లు వెనకబడ్డాయి, తర్వాత చెట్లే లేవు. పచ్చిక, రాళ్లు, ఎదురుగా ఎండలో మెరిసే మంచుకొండలు. జూన్ నెలలో స్వెట్టర్ వేసుకోవడం నాకు వింతగా ఉంది. రోడ్డుకు అడ్డంగా నీళ్లు పారుతుంటే ఆయన జీపు ఆపించి దోసిలి పట్టి తాగాడు. ఫ్యాక్టరీల నీళ్లు కలిసే మా ఊరి వాగులో మేము కాలు పెట్టడానికి కూడా భయపడేవాళ్లం.

నేను మాత్రం కొండలు సగం, ఆయన ఛాతీ సగం చూస్తూ కూర్చున్నాను. ఊపిరి పైపైనే ఆడుతోంది. వెనక్కి పోదామంటే వినడు.

"ఇంత దూరమొచ్చి గిట్లనే పోతమా? జెర సేపు" అన్నాడు.

ఒక మలుపు తిరగగానే లోయలోంచి తెల్లగా ఏదో లేచి రోడ్డు మీదికి వచ్చింది. ముందున్న లారీ కనబడకుండా పోయింది. మా కాలనీలో అట్లా తెల్లగా వచ్చిందంటే ఫ్యాక్టరీ గ్యాసే, అప్పుడు ఏం చేయాలో పిల్లలకు కూడా తెలుసు. తలుపులు మూయాలి, ముక్కుకు తడిగుడ్డ కట్టాలి. మా ఇద్దరికీ వేరే ఆలోచనే రాలేదు. ఆయన గబగబా అద్దాలు ఎక్కించాడు. సంచిలోంచి తువ్వాలు లాగి, సీసాలో నీళ్లన్నీ దాని మీద గుమ్మరించి నా ముఖానికి అదిమిపట్టాడు.

"గట్టిగ పీల్చకు. నేనున్న" అన్నాడు.

డ్రైవరు బండి ఆపి మమ్మల్ని కాసేపు చూశాడు. తన పక్క అద్దం నిదానంగా దించి, "బాదల్ హై, భాయ్‌సాబ్" అన్నాడు.

మబ్బు. ఉత్త మబ్బు. చల్లగా జీపులోకి వచ్చి చేతులు తడిపింది. ఆయన సిగ్గుపడ్డాడు, తర్వాత దగ్గుతూనే నవ్వాడు. డ్రైవరు ఎగతాళి చేయలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, దగ్గు తగ్గేదాకా బండి కదిలించలేదు. ఆ మనిషికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆ తర్వాత మంచు దాకా పోయాం, ఆయన చిన్నపిల్లాడిలా దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. పెళ్లయిన నాటి నుంచి అన్నం తిన్నావా అని అడగని మనిషని ఆయన గురించి వాడకట్టంతా చెప్పుకున్నదాన్ని. మా దగ్గరున్నది ఒక్కటే తువ్వాలు. ఆ తెల్లపొగ విషమనే నమ్మి, ఊపిరి సరిగా ఆడని ఆ మనిషి, తువ్వాలు నా ముఖానికి పట్టి తన ముక్కుకు ఏమీ లేకుండా కూర్చున్నాడు.