అసిరమ్మ అరచేయి

అసిరమ్మ చేతికి ఏది అందినా ముందు బరువు చూస్తుంది. బొబ్బిలి సంతలో వంకాయైనా, గుళ్లో ఇచ్చిన కొబ్బరిచెక్కైనా అరచేతిలో రెండుసార్లు ఎగరేసి గాని పుచ్చుకోదు. ఇరవై రెండేళ్లు మాంగనీసు గనిలో రాళ్లు ఏరిన చెయ్యి మరి. బరువుంటే ఖనిజం, లేకపోతే ఉత్త రాయి. ఆ చేతికి లోకంలో మూడో రకం లేదు. గని మూతపడి, గొయ్యి నీళ్లతో నిండి, అందులో బాతుబొమ్మ పడవలు తిరిగే పార్కు వెలిశాక, ఆవిడ అక్కడే ఊడ్చే పనిలో చేరింది. తాము కూలికి దిగిన గోతిలోకి జనం టికెట్టు కొని దిగుతుంటే ఇప్పటికీ నవ్వాపుకోలేదు.

పార్కు ప్రారంభం రోజున, ‘మన ఊరి మాంగనీసు వైభవం’ అని రాసిన దిమ్మె మీదికి పెద్ద నల్లబండను ఎక్కిస్తుంటే పెచ్చు ఊడిపడింది. అసిరమ్మ దాన్ని తీసి రెండుసార్లు ఎగరేసింది.

“ఇది మాంగనీసు కాదు బాబూ, ఉత్త రాయి,” అంది మేనేజరు పృథ్వీరాజ్‌తో.

“మెల్లగా మాట్లాడు! ఎమ్మెల్యేగారు గేటు దగ్గరికొచ్చేశారు. ఉద్యోగం ఉండాలా వద్దా? వారం వెతికినా అసలుది దొరకలేదు.”

“నన్నడిగితే సెప్పేదాన్ని కదేటి. ఆడోళ్ల బాత్రూం తలుపు కొట్టుకోకండా అడ్డెట్టినాను.”

ఎమ్మెల్యేగారు బండకు దండేసి, దండం పెట్టి, కళ్లు తుడుచుకున్నారు. అందరితోపాటు అసిరమ్మా చప్పట్లు కొట్టింది. జనం వెళ్లాక, దండలోంచి రాలిన బంతిపువ్వొకటి ఏరుకెళ్లి బాత్రూం తలుపు దగ్గరి రాయి మీద పెట్టింది.

ఆ పువ్వు బరువు మాత్రం చూడలేదు.