ఐస్ మీద నాలుగో నిమ్మకాయ

పద్దెనిమిదేళ్లుగా కువైట్‌లో డాబాలెక్కి డిష్‌లు బిగిస్తున్నాను. ఏ ఇంట్లో ఏం చూస్తారో ఆ ఇంటివాళ్ల కంటే నాకే బాగా తెలుసు. ఈజిప్టువాళ్ల ఇంట్లో ఫుట్‌బాల్, మనవాళ్ల ఇంట్లో సీరియల్, బ్యాచిలర్ రూముల్లో క్రికెట్, ముసలి కువైటీల గదుల్లో ఒంటెల పందాలు. ఐస్ హాకీ వచ్చే ఛానల్ పెట్టమని అడిగిన మనిషి మాత్రం ఇంతవరకూ తగల్లేదు. అలాంటి ఆట కోసం మొన్న శుక్రవారం, మండే మే నెలలో, చంకలో రగ్గు పెట్టుకుని ఫింటాస్ నుంచి బయలుదేరానంటే దానికి కారణం ఆట కాదు, ఓబులేసు.

ఓబులేసుది రాయచోటి దగ్గర పల్లె. జహ్రాలో ఒక ఇంట్లో ఆరేళ్లు హౌస్ డ్రైవరుగా చేసి, వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్ దగ్గర రిలీజ్ కాగితం తీసుకుని, సిటీ అవతలి ఐస్ హాల్లో చేరాడు. అక్కడ జీతాలు తీసుకుని ఆడే జట్లు ఐస్ హాకీ ఆడతాయి. ఆటగాళ్ల బూట్ల కింద కత్తుల్లాంటివి ఉంటాయి కదా, వాటికి ఐసంతా గీతలు పడిపోతుంది. విరామంలో ఒక పెద్ద బండి వచ్చి ఆ పైపొర చెక్కేసి, నీళ్లు పోసి సాపు చేస్తుంది. ఆ బండి తోలేది మనవాడే.

ఈ సంగతి ఇంటికి ఫోన్ చేసి చెప్పడమే అతను చేసిన పొరపాటు. ఎడారిలో ఐస్ మీద బండి తోలుతున్నానంటే భార్య లక్ష్మీదేవి నమ్మలేదు. ఫొటో పంపితే, ఈ కాలంలో ఫోన్లోనే మనిషిని చంద్రుడి మీద కూడా నిలబెడుతున్నారంది. వీడియో కాల్ చేద్దామంటే డ్యూటీలో ఫోను లాకర్లో పెట్టాలి. మామగారు ఇంకో అడుగు ముందుకేసి, అల్లుడి పని పోయిందనీ, ఎక్కడో ఒంటెలు కాస్తూ సిగ్గుపడి కథలు చెబుతున్నాడనీ తేల్చేశాడు. నిజం చెప్పే పనైతేనే ఫోన్ చెయ్యమని లక్ష్మీదేవి పెట్టేసింది. ఆ తర్వాత పదకొండు రోజులు ఎత్తలేదు.

ఆ శుక్రవారం మ్యాచ్‌ని మొట్టమొదటిసారి ఒక ఛానల్ లైవ్‌లో చూపిస్తోంది. నెట్‌లోనూ వస్తుందట. ఓబులేసు బుధవారం మా ఫ్లాటుకొచ్చి, టీ తాగకుండానే విషయం చెప్పాడు.

"అన్నా, టీవీలో నేను కనపడితే సాలు. టీవీలో వచ్చేది అబద్ధం కాదని మా మామకు గట్టి నమ్మకం."

ఆ నమ్మకం మీదే పద్దెనిమిదేళ్లుగా నా పొయ్యి వెలుగుతోంది కాబట్టి నేను కాదనలేదు. అయితే ఒక చిక్కుంది. గ్యాలరీ ఖాళీగా కనిపిస్తే ఛానల్ వాళ్లు మళ్లీ రారట. మనుషుల్ని తెమ్మని మేనేజరు స్టాఫ్ అందరికీ చెప్పాడట. ఓబులేసుకి నేను టీవీ మనిషిని. ఇక తప్పుతుందా?

జుమా నమాజు అయ్యాక, పన్నెండూ నలభైకి బస్సెక్కాను. డ్రైవరు టికెట్ చింపి ఇస్తూ నా రగ్గు వంక రెండుసార్లు చూశాడు. పక్క సీట్లో ఉన్న పెషావర్ ఆయన ఆగలేక అడిగేశాడు.

"భాయ్, ఈ ఎండలో కంబళి ఎందుకు?"

"ఐస్ మీద ఆట చూడటానికి."

ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, సీసాలో నీళ్లు ఇచ్చాడు. రాయచోటి మామగారిని తప్పుపట్టి లాభం లేదని అప్పుడే అర్థమైంది.

ఒకటిన్నరకి అబ్బాసియాలో దిగాను. టైలర్ వీర్రాజు షాపు ముందు పద్నాలుగు మంది బ్యాచిలర్లు సిద్ధంగా ఉన్నారు. వీర్రాజుది రాజోలు, నాది అమలాపురం. మా ఇద్దరిలో ఎవరి ఊరు గొప్పదో ఇంతవరకూ తేలలేదు. అతను అరబ్బులు తొడిగే దిష్‌డాషాలు కుట్టగా మిగిలిన తెల్లగుడ్డ ముక్కలన్నీ అతికి, 'ఓబులేసు' అని ఎర్రదారంతో కుట్టిన రెండు బారల బేనరు చూపించాడు. మెస్సులో గోంగూర పప్పు, చేపల వేపుడుతో భోజనం ముగించాం. భోజనం దినారులోపే, పప్పులో ఉప్పే ఒక పాలు ఎక్కువ. బయటికొస్తుంటే వీర్రాజు కిరాణా కొట్లోకి దూరి, నాలుగు నిమ్మకాయలు, పసుపు, కుంకుమ పొట్లాలు కొన్నాడు.

"ఎందుకురా ఇవి?" అన్నాను.

"బండి కొత్తదంటండీ. వచ్చి నాలుగ్రోజులైనా టైరు కింద నిమ్మకాయెట్టలేదంట. ఏం మనుషులండీ ఈళ్లు. ఓబులేసు నాలుగు రోజుల్నించీ భయంభయంగా తోలుతున్నాడంట."

రెండుంపావుకి వ్యాను మాట్లాడుకుని బయలుదేరాం, మూడుకి చేరాం. తలుపు దాటేదాకా నెత్తి మీద పెనం, దాటగానే పళ్లు టకటక. పదహారు రగ్గులు ఒకేసారి విప్పాం. టై కట్టుకున్న మేనేజరు, లెబనాన్ మనిషి, ఎదురొచ్చి కెమెరాకి ఎదురుగా ఉన్న వైపే అందర్నీ కూర్చోబెట్టాడు. వెనక వైపు వరసలన్నీ ఖాళీ. కెమెరా అటు తిరగదు కాబట్టి హాలు నిండినట్టే లెక్క. పెళ్లి వీడియోల్లో మనవాళ్లు ఎప్పట్నించో చేస్తున్న పనే ఇది.

దొరికాడు కదా అని నేను నా సలహా చెప్పాను. "సార్, కర్రలతో కొట్టే ఆ నల్లబిళ్ల టీవీలో కనపడదు. పెద్ద టీవీ ఉన్నవాళ్లకే కనపడకపోతే చిన్న టీవీవాళ్ల గతేంటి? పసుపు రంగు వెయ్యండి, ప్రతి ఇంట్లో చూస్తారు."

"రూల్ బ్లాక్," అన్నాడు.

"రూలు ఎవరు చూస్తారు సార్, ఆట చూస్తారు గానీ."

ఆయన యల్లా యల్లా అంటూ ఎవర్నో పిలుస్తూ వెళ్లిపోయాడు. మంచి మాట చెబితే వినే కాలం కాదు.

ముందు వరసలో రెడ్డెమ్మ కనిపించింది. ఓబులేసు వాళ్ల పక్క ఊరి మనిషి, జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పని చేస్తోంది. ఇంటి యజమానురాల్ని ఇక్కడ మామా అంటారు. వాళ్ల మామా కొడుకే ఇక్కడి జట్టు గోల్‌కీపరు. అందుకని మామా తనతోపాటు రెడ్డెమ్మనీ తెచ్చింది. కువైట్ మొత్తం మీద ఈ ఆట తెలిసిన ఏకైక తెలుగు మనిషి రెడ్డెమ్మే అయి ఉంటుంది.

"లక్ష్మీదేవికి లింకు పంపినా," అంది నాతో. "ఓబులేసు మాట ఎత్తలే. మా మామా కొడుకు ఆడతాండాడు, సూడు అని చెప్పినా. ఊరికే చూస్తాదిలే."

సరిగ్గా నాలుగింటికి ఆట మొదలైంది. ఇరవై నిమిషాలు పన్నెండు మంది కింద ఏదో పోగొట్టుకున్నవాళ్లలా పరుగులు పెట్టారు. మేమూ వెతికాం. బిళ్ల ఎక్కడుందో మాకు దొరకలేదు. ఒకసారి అందరూ చేతులెత్తితే గోల్ పడిందట. అప్పుడు మేం పదహారు మందీ అవతలి మూల చూస్తున్నాం.

"ఆయప్పను గూట్లో ఏసినారే, ఎందుకు?" అనడిగాడు మా వెనక కుర్రాళ్లలో ఒకడు.

"తప్పు చేసినాడు. రెండు నిమిషాలు కూర్చోవల్ల," అంది రెడ్డెమ్మ. "బుద్ధిగా కూర్చుంటే మళ్లీ వదుల్తారు."

వీర్రాజు నా చెవిలో, "అయిపోవచ్చిందాండీ?" అన్నాడు. ఇది మూడింట ఒక వంతేనని చెప్పాను. అతను రగ్గు ముఖం మీదికి లాక్కున్నాడు.

విరామానికి రెండు నిమిషాల ముందు నేను కెమెరా దగ్గరికి వెళ్లాను. కెమెరా మనిషి మలయాళీ. ఐస్ బండి వచ్చినప్పుడు మావాణ్ణి కాస్త దగ్గరగా చూపించమని అడిగాను. అతను జాలిగా చూశాడు. విరామంలో హాలు చూపించరట. స్టూడియోలో ఇద్దరు కూర్చుని మాట్లాడతారట, తర్వాత ప్రకటనలట. జనం లేచి గోల చేసే సంగతేదైనా ఉంటేనే డైరెక్టరు ఇటు తిప్పుతాడట.

నాకు ఒళ్లు మండిపోయింది. పద్దెనిమిదేళ్లు టీవీల మధ్య బతికినవాణ్ణి, ఈ ముక్క ముందు అడగాలని తట్టలేదు. పదిహేను మందిని రగ్గులతో సహా మోసుకొచ్చి, ఓబులేసు కనిపించే నిమిషాల్లోనే వాళ్లు కెమెరా ఆర్పుతారట. అక్కడ రాయచోటిలో లక్ష్మీదేవి ఫోన్ పట్టుకుని ప్రకటనలు చూస్తుంది.

గడియారం ఆపుతూ ఆడించే ఆ ఇరవై నిమిషాలు సాగి సాగి, నాలుగూ నలభైకి విరామం. బండి వచ్చే గేటు దగ్గరికి పరిగెత్తాను. ఓబులేసు యూనిఫారంలో, బండి పక్కన బూట్లిప్పి నిలబడ్డాడు. వీర్రాజు అప్పటికే బండి ముఖానికి పసుపు రాసి కుంకుమ పెట్టేశాడు. 'చిన్న ప్రార్థన, రెండు నిమిషాలు, నిప్పు వద్దు' అని మేనేజరు ఒప్పుకున్నాడట. నిమ్మకాయల సంగతి ఆయన అడగలేదు, వీళ్లు చెప్పలేదు. నాలుగు టైర్ల కింద నాలుగు పెట్టారు.

"కెమెరా వచ్చిందా అన్నా?" అన్నాడు ఓబులేసు, బూట్లేసుకుని బండెక్కుతూ.

నాకు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నువ్వు తోలు," అన్నాను.

తోలాడు. మూడు నిమ్మకాయలు టప్‌మని చితికాయి. నాలుగోది జారింది. టైరు అంచు తగిలి గేటు దాటి ఐస్ మీదికి దొర్లి, ఆ నునుపు మీద అలా అలా పోయి నట్టనడుమ ఆగింది.

బండి ఏదైనా సరే, చితికితే నాలుగూ చితకాలి. ఒక్కటి మిగిలితే పూజ చేసినట్టు కాదు, చెయ్యకపోవడం కంటే చెడ్డది. ఓబులేసు ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత స్టీరింగు మధ్యకి తిప్పాడు.

ఆ బండి నడక వేగం కంటే కొంచెం ఎక్కువ పోతుంది, అంతే. టైరు తగలగానే నిమ్మకాయ పక్కకి జారిపోతుంది. బండి నిదానంగా తిరిగి దాని వెనక వెళ్తుంది. మళ్లీ తగులుతుంది, మళ్లీ జారుతుంది. మూడోసారికి మావాళ్లలో ఒకడు లేచి, "ఎడమకి, ఎడమకి" అన్నాడు. నాలుగోసారికి పద్నాలుగు మందీ లేచారు. రగ్గులు కింద పడ్డాయి. ఇరవై నిమిషాల పాటు నల్లబిళ్ల వెతుక్కుని కళ్లు కాయలు కాసిన జనానికి, తెల్లటి ఐస్ మీద పచ్చటి నిమ్మకాయ స్పష్టంగా కనిపిస్తోంది. ఎవరు ఎవర్ని తరుముతున్నారో తెలుస్తోంది. ఈజిప్టువాళ్లు "యమీన్, యమీన్" అని అరుస్తూ కుడివైపు చూపిస్తున్నారు. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు నిమ్మకాయ పక్షం పట్టారు. రెడ్డెమ్మ మామా కూడా లేచి, ఇదేం ఆటని రెడ్డెమ్మనడిగింది.

"ఇది మా ఆట మామా," అంది రెడ్డెమ్మ గర్వంగా.

నేను కెమెరా వైపు చూశాను. దాని మీద ఎర్రలైటు వెలుగుతోంది.

ఓబులేసు ఇవేవీ చూడటం లేదు. అతని కళ్లు నిమ్మకాయ మీదే. పెదవులు కదుపుతూ ఏదో మొక్కుకుంటున్నాడు. చివరికి ఆ కాయ గోలు ముందుకు దొర్లి, వల కట్టిన ఇనపకమ్మీకి ఆనుకుని ఆగింది. బండి నెమ్మదిగా వెళ్లి, ముందు టైరుతో దాన్ని కమ్మీకి అదిమి చితక్కొట్టింది. హాలంతా "గోల్" అని ఒక్క గొంతుతో అరిచింది. వీర్రాజు బేనరు ఎత్తాడు. తలకిందులుగా ఎత్తాడు, తర్వాత సరిచేశాడు. నేను ఎందుకు ఎగిరానో నాకే తెలియదు, అంత సంతోషం వేసింది.

ఓబులేసు ఒక దండం పెట్టుకుని, ఏమీ జరగనట్టు మిగతా ఐసంతా సాపు చేశాడు.

మేనేజరు గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. ముఖం కందిపోయింది. ఐస్ మీద పచ్చచారలు, గోలు దగ్గర గింజలు. ఖలాస్, అంతా ఖలాస్ అంటున్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది. వింటూ వింటూ ముఖం మామూలు రంగుకొచ్చింది. ఫోన్ పెట్టేసి, రెండో విరామంలో మళ్లీ నిమ్మకాయ వెయ్యగలవా అని ఓబులేసునడిగాడు. టీవీవాళ్లే అడుగుతున్నారట.

"పూజ ఒక్కసారే సార్," అన్నాడు ఓబులేసు. "రెండోసారి చేస్తే ఆట అయితాది."

మేనేజరు బతిమాలాడు, ఓబులేసు కదల్లేదు. నాకు ఆ మనిషి మీద అమాంతం గౌరవం పెరిగింది. రెండో విరామంలో బండి మామూలుగానే తిరిగింది. అయినా స్టూడియోకి పోకుండా కెమెరా అతని మీదే ఉంది. ఒక్కో చుట్టుకీ జనం చప్పట్లు కొట్టారు. ఆఖరి భాగంలో బిళ్ల కూడా కాస్త కాస్త కనపడటం మొదలైంది. రెడ్డెమ్మ మామా కొడుకు ఒకటి ఆపితే నేను నిజంగానే అరిచాను. మావాళ్లు గెలిచారు, రెండుకి మూడు.

ఆరుంపావుకి మ్యాచ్ అయిపోయింది. ఆరున్నరకి వ్యాను. ఓబులేసు కూడా మాతోనే ఎక్కాడు. ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అతను చెయ్యకూడదు, ఆవిడ చెయ్యాలి. దారంతా ఆ ఫోన్నే చూశాం, చూపుతోనే దాన్ని మోగించేట్టు.

అబ్బాసియా మలుపు దగ్గర మోగింది. కంగారులో స్పీకరు నొక్కేశాడు.

"యోవ్," అంది లక్ష్మీదేవి.

"ఆ."

"సూసినా. మా నాయన సూసినాడు. ఇంటి ముందర పదిమంది చేరినారు. ఒంటె యాడ ఉందని అడుగుతాండారు మా నాయన్ను."

ఓబులేసు ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అంత ఐసు మీద తలకు మఫ్లరన్నా లేకుండా తిరుగుతాండావే, నీకేమన్నా బుద్ధుందా? దగ్గు పట్టుకుంటే ఎవురు చూస్తారు ఆడ?"

"కట్టుకుంటాలే," అన్నాడు.

"ఊ." వెనక ఎవరో పెద్దాయన గొంతు ఏదో గుర్తుచేస్తోంది. "మా నాయన అడగమంటాండాడు. ఆ ఆట మళ్లీ ఎప్పుడు?"

"వచ్చే శుక్రారం. మీకు ఆరున్నరకు."

"సరే," అందావిడ. "సీరియల్ మార్చుకుంటాం."

నేను పెషావర్ ఆయన్ని తలుచుకుని రగ్గు మడత పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్లకి నాకు ఐస్ హాకీ చూసే ఇల్లు ఒకటి దొరికింది.