మైలింట్లో పచ్చి చేప

నారాయణమ్మ నోటికి మా పేటంతా జడిసేది. చేపల తట్టతో రైలెక్కి చీపురుపల్లి దాకా పోయి, బేరమాడేవాళ్ళ నోళ్ళు మూయించి వచ్చే మనిషి. నేను రాజాం నుంచి అంగన్‌వాడీ టీచరుగా వచ్చి వాళ్ళ పక్కింట్లో అద్దెకుండేదాన్ని. అంతటి మనిషి ఓ కుక్కపిల్ల కోసం అందరి ముందూ ఏడవడం, హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మరుసటి ఏడు చూశాను.

ఆ పిల్లను ఆమె భర్త గంగులు ఆమదాలవలస స్టేషను దగ్గర్నుంచి తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు. టైగర్ అని పేరు పెట్టాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ! పాలు పోస్తే మూతి తిప్పుకునేది, అన్నం పెడితే కక్కేసేది. చివరికి మందు గంగులే కనిపెట్టాడు. పడవ దిగగానే ఓ పచ్చి కవళ్ళ చేప తల కొరికి ఊసేసి, ముల్లు పళ్ళతో లాగేసి, కండ కాస్త నమిలి అరచేతిలో పెడితే తినేది.

"పెళ్ళానికి ఏనాడైనా ఇలాగ ఎట్టినావా?" అని నారాయణమ్మ దెప్పేది. నెల తిరిగేసరికి దాని పక్కటెముకలు కనబడడం మానేశాయి.

ఓ మంగళవారం వల బాగుచేస్తూ గంగులు గుండె పట్టుకుని ఒరిగిపోయాడు.

పెద్దకార్యం అయ్యేదాకా, అంటే పది రోజులు, ఆ ఇంట్లోకి నీసు రాకూడదు. ఇంటివాళ్ళు చేప ముట్టకూడదు, పడవల దరికి పోకూడదు. పోతే చనిపోయినవాడికి దారి దొరకదనీ, వేటకు కీడనీ నమ్మకం. నాలుగో రోజుకి టైగర్ లేవలేకపోయింది. నేను మా గుమ్మంలో చేప ముక్క పెట్టాను. వాసన చూసి తల వాల్చేసింది. కొరికి, నమిలి పెట్టాలని నాకు తెలుసు. నోటి దాకా తెచ్చి, కొరకలేక పారేశాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, ఈ పూట తినకపోతే రేపటికి ఉండదన్నాడు. ఆ మాట చెప్పాను. నారాయణమ్మ పిల్లను ఎత్తుకుని సముద్రం వైపు నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

అప్పుడే పడవలు ఒడ్డుకొస్తున్నాయి. ఆమెను చూసి అందరూ వెనక్కి జరిగారు. ఆమె సొంత అన్న సోములు, పేటకు పెద్ద, తెడ్డు అడ్డం పెట్టాడు.

"ఒలే, అక్కడే ఆగు! మైల మనిసివి, పడవ కాడికి వస్తావేటి?"

"పడవ ముట్టను అన్నా. ఒక్క కవళ్ళ చేప ఇసిరియ్యి."

"కుక్క కోసం నీ మొగుడికి దారి నేకండా సేత్తావా?"

"ఆడు నోట్లోది తీసి పెంచిన పేణం ఇది. దీన్ని కూడా పోనిమ్మంటావా?"

ఎవరూ కదల్లేదు. టైగర్ తల ఆమె మోచేతి మీంచి వేలాడుతోంది. ఎవరి వలలోంచో ఓ చేప ఇసకలో పడింది. జారిందో, జార్చారో నాకు తెలీదు. నారాయణమ్మ వంగి తీసుకుంది. అలలో కడిగింది. అందరూ చూస్తుండగా తల కొరికి ఊసింది. ముల్లు లాగింది. నమలబోతే దుఃఖం ముంచుకొచ్చింది. ఏడుస్తూనే నమిలి అరచేతిలో పెట్టింది.

టైగర్ కదల్లేదు. వేలితో దాని మూతికి రాసింది. నాలుక బయటికొచ్చింది. ఒకసారి నాకి ఆగిపోయింది. మళ్ళీ నాకి, ముక్కను నోట్లోకి లాక్కుంది.

సోములు తెడ్డు ఇసకలో గుచ్చాడు.

"నీసు నోట ఎట్టినావు. నీ మైల మళ్ళీ మొదటికొచ్చింది. ఇయ్యాల్టి నుంచి పది రోజులు."

"ఉంటాను అన్నా. రేపూ ఇది తినాల కదా, రేపు మళ్ళీ వస్తాను. మళ్ళీ మొదట్నించి లెక్కెట్టు. నా మైల ఎప్పటికి తీరతాదో నువ్వే సెప్పు."

ఆయన తెడ్డు పెరికి పడవల వైపు తిరిగాడు.

మర్నాడు తెల్లారి నేను తలుపు తీసేసరికి, సోములు నారాయణమ్మ గడపకు బయట గొంతుక్కూర్చుని ఉన్నాడు. పడవ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, బట్టలింకా తడిగా ఉన్నాయి. ఏదో నములుతూ దవడ ఆడుతోంది. టైగర్ ఆయన అరచెయ్యి నాకుతోంది.

చప్పుడుకి నారాయణమ్మ లేచి వచ్చింది. ఆయన తలెత్తకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"బయటికి రాకు సెల్లీ. ఇయ్యాల ఐదో రోజు."