బల్బులో గాలి, డ్రమ్ములో నీళ్లు

మొన్న సంగారెడ్డిలో పాత సామాన్ల కొట్టు ముందు నల్లబడ్డ తీగ బల్బు ఒకటి కనబడింది. మా ఈడు వాళ్లకు గుర్తుందా ఆ పసుపు వెలుగు? సాయంత్రం స్విచ్ వేయగానే ఇంటిల్లిపాదీ బల్బుకు దండం పెట్టుకోవడం?

మా అవ్వ మాత్రం పెట్టేది కాదు. పటాన్‌చెరు దగ్గర మా ఇంటికి కరెంటు వచ్చిన కొత్తలో, బల్బులో ఏదో గాలి నింపుతారని ఎవరో చెప్పారు. అప్పటి నుంచీ ఆమెకు అనుమానం.

"అది ఆర్గాన్, అవ్వా," అంది పదో తరగతి చదివే మా అక్క. "దాంట్ల ప్లస్సు, మైనస్సు సమానం. ఆపైన బయటి వరుస ఎలక్ట్రాన్లతోని నిండుగుంటది. ఒకల దగ్గర తీసుకోదు, ఒకలకు ఇయ్యదు. గందుకే ఎవ్వల్తోని కలవదు."

"ఎవ్వల జోలికి పోనిదాన్ని గాజుబుడ్డిల ఎందుకు బంధించిండ్రే? ఏదో మతలబున్నది."

"లోపలి తీగ కాలిపోకుండ."

అవ్వ నమ్మలేదు. బల్బు మాడిపోతే పగలకుండా పాతగుడ్డలో చుట్టి, చేను గట్టున గుంత తీసి పాతిపెట్టేది. ఇంటికొచ్చి చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది.

ఆ నీళ్లు వాకిట్లో డ్రమ్ములోవి. మా చిన్నాయన ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఖాళీ కెమికల్ డ్రమ్ము అది. బూడిదతో తోమి నీళ్లు నింపాం. ఎండాకాలం ఘాటుగా వాసనొచ్చేది.

"ఇనుప డ్రమ్ము గద, జెర వాసనస్తది. తాగుండ్రి," అనేది అవ్వ, చెంబు ముంచి అందిస్తూ.

మీ ఇళ్లలోనూ ఉండేవి కదా ఆ డ్రమ్ములు. అంతకుముందు వాటిలో ఏముండేదని మీలో ఒక్కరైనా అడిగారా?