బానెట్ మీద బొట్టు

మా మామ నాకిచ్చిన తెల్లటి పాత స్పోర్ట్స్ కారును ఈ రోజు తిరువళ్లూరులో పాలిష్‌కు తీసుకెళ్లాను. షాపతను బానెట్ మీద వేలు పెట్టి, "ఈడ గులాబీ మచ్చ ఉండాది అక్కా. మిషన్ పెడితే రెండు నిమిషాల్లో పోతాది" అన్నాడు.

అప్పుడే మైనం వాసన తగిలి, ఎన్నో ఏళ్ల కిందటి మామ వాళ్ల వాకిలి గుర్తొచ్చింది. మన అవ్వల పాత నూలు చీరలు గుర్తున్నాయా మీకు? ఉతికి ఉతికి వెన్నలా అయ్యేవి. ఆ గుడ్డతోనే మామా నేనూ మూడు రోజులు మైనం పూసి ఆ కారును రుద్దాం. గీతలు పడతాయని నా గాజులు కూడా తీయించాడు. నాలుగో రోజు తిరుత్తణి కొండకు పూజకు తీసుకెళితే, పూజారి తడి కుంకుమ తెచ్చి బానెట్ నడుమ పెట్టేశాడు. అది ఎండకు ఎండి, ఇంటికొచ్చి కడిగినా పోలేదు. నేను ఒకటే ఏడుపు.

"ఎందుకు పాపా ఏడ్సేది? మనం రుద్దింది మనకే తెలుస్తాది. స్వామి బొట్టు ఊరందరికీ కనపడతాది" అన్నాడు మామ.

అందుకే ఆ మచ్చను మాత్రం ముట్టుకోవద్దన్నాను. సాయంత్రానికి కారు అద్దంలా మెరిసింది. అతను అలవాటు కొద్దీ గంధం, కుంకుమ పళ్లెం తెచ్చి, "యాడ పెట్టేది అక్కా?" అని అడిగాడు.

"ఎప్పుడో పెట్టేసినారు నాయనా" అన్నాను.