కళ్ళు మూసుకుని విన్న బ్యాండు

ఆ రోజుల్లో మా నల్లపాడు వైపు ఎవరైనా కుర్రాడు భుజాన గిటారు తగిలించుకుని కనిపించాడంటే వాడు చదువు మానేశాడని అర్థం. హార్మోనియం, తబలా, డోలక్కు దేవుడి వాయిద్యాలు. గిటారు ఎవరిదన్నది ఇంకా తేలలేదు. క్యాసెట్లు పోతూ, సీడీలు వస్తూ ఉన్న అలాంటి కాలంలో మేము నలుగురం కలిసి ఒక క్రైస్తవ సాఫ్ట్ రాక్ బ్యాండు పెట్టాం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటిది ఇదే మొదటిదని అన్నయ్య అనేవాడు. రెండోది వచ్చిన దాఖలా లేదు కాబట్టి ఆ మాటను ఎవరూ కాదనలేదు.

అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. గల్ఫ్‌లో నర్సుగా చేస్తున్న మా మేనత్త పంపిన పెట్టెలో సబ్బులు, సెంటు సీసాలతో పాటు ఒక క్యాసెట్ వచ్చింది. దాని కవరు మీద జుట్టు పెంచుకున్న తెల్లవాళ్ళు కొందరు కళ్ళు మూసుకుని పాడుతున్నారు. సబ్బులు పెద్దమ్మ తీసుకుంది, సెంటు చుట్టాలు తీసుకున్నారు, ఎవరికీ అక్కర్లేని క్యాసెట్ అన్నయ్యకు మిగిలింది. వాళ్ళు పాడేది యేసు ప్రభువు గురించే, కానీ అరవకుండా పాడుతున్నారు. మా గుడిలో పాటంటే నాలుగు వీధులకు వినపడాలి. అన్నయ్య ఆ క్యాసెట్ టేపు సాగిపోయేదాకా విని, ఒక రోజు నన్ను పిలిచి, "ఒరేయ్, దేవుడికి చెవుడు లేదని వీళ్ళకి తెలిసిపోయిందిరా" అన్నాడు. మా బ్యాండు సిద్ధాంతం మొత్తం ఆ ఒక్క వాక్యమే.

గుంటూరులో పెళ్ళిళ్ళకు పాడే ఆర్కెస్ట్రా ఒకటి తగాదాలు పడి విడిపోతే, వాళ్ళ దగ్గర నుంచి రెండు గిటార్లు దొరికాయి. ఆరు తీగలది అన్నయ్య పుచ్చుకుని, నాలుగు తీగల బేస్ గిటారు నా మెడలో వేశాడు. నాకు సంగీతం రాదన్నాను. "దాని శబ్దం ఎవరికీ వినపడదులే, భయపడకు" అన్నాడు. (ఇది నన్ను ఓదార్చడానికి అన్న మాట కాదని తరువాత అనుభవం మీద తెలుసుకున్నాను.) డ్రమ్ములకు టిక్కీ వచ్చాడు. గుంటూరు మిర్చి యార్డులో మిరపకాయల బస్తాలను టిక్కీలంటారు, వాటిని కుట్టడమే మావాడి పని కాబట్టి మనిషికీ అదే పేరు స్థిరపడింది. కీబోర్డుకు పాస్టరుగారి అమ్మాయి. మా నలుగురిలో సంగీతం నేర్చుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమెను పంపడానికి పాస్టరుగారు పెట్టిన షరతు ప్రకారం ప్రాక్టీసు జరిగినంతసేపూ పాస్టరమ్మగారు పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలిచేవారు. మా తొలి శ్రోత ఆవిడే. ఎలా ఉందండీ అని అడిగితే, "ముదురు కాయలమ్మా, ఈసారి బాగాలేవు" అనేవారు.

మొదటి ప్రాక్టీసు మాత్రం టిక్కీ సంపాదించిన మిర్చి గోదాములో జరిగింది. ప్రభువు ప్రేమ గురించిన పాట మొదలుపెట్టి పల్లవి దాటేసరికి మిరప ఘాటుకు అందరికీ కళ్ళ నుంచి, ముక్కుల నుంచి ధారలు. అటుగా వచ్చిన పాస్టరుగారు గుమ్మంలో నిలబడి, నలుగురు యౌవనస్థులు పాట పాడుతూ వెక్కి వెక్కి ఏడవడం చూసి, తాను కూడా కళ్ళు తుడుచుకుని, "ఇక గుడిలో పాడటానికి మీకు నా అనుమతి ఎందుకు నాయనా" అన్నారు. బ్యాండుకు గుడిలో చోటు అలా దొరికింది. పేరు కూడా ఆయనే పెట్టారు, నిమ్మళం అని. అన్నయ్యకు ఇంగ్లీషు పేరు కావాలని ఉంది గాని, అప్పటికే పెయింటర్ డ్రమ్ము మీద రాసేశాడు.

మేం తెల్ల చొక్కాలు, నల్ల ప్యాంట్లు కుట్టించుకున్నాం. ఒక పెళ్ళి రిసెప్షన్‌లో వాటితో స్టేజీ పక్కన నిలబడితే, "బాబూ, ఈ వరసకి పెరుగు రాలేదు" అని నన్నే పిలిచారు. వాదించడం ఎందుకని వడ్డించి వచ్చాను. (ఆ రోజు నాకు వచ్చిన మెచ్చుకోలు ఆ పెరుగుకే.)

మా అసలు కష్టం, కొత్త పంట గుడికి తెచ్చిచ్చే కోతల పండుగ నాడు బయటపడింది. మా వైపు గుళ్ళలో ఒక పద్ధతి ఉంది. బైబిలు వాక్యం మీద ప్రసంగం అయిపోతుండగా పాస్టరుగారు కీబోర్డు వైపు ఒకసారి చూస్తారు, కీబోర్డు మీద మెల్లగా ఒక స్వరం పరుచుకుంటుంది, అంతే. ఎవరూ చెప్పనక్కర్లేదు. మగవాళ్ళు తలలు వంచుతారు, ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కుంటారు, చంటిపిల్లలు కూడా కళ్ళు మూసుకుంటారు. మెల్లని సంగీతమంటే ప్రార్థన మొదలైందని గుర్తు. మేం పెట్టిందేమో సాఫ్ట్ రాక్. మా ప్రతి పాటా కీబోర్డు మీద మెల్లగానే మొదలవుతుంది. ఈ రెండు విషయాలనూ కలిపి ఆలోచించాలని మాలో ఎవరికీ తట్టలేదు.

పాస్టరుగారి అమ్మాయి కీబోర్డు మీద వేళ్ళు పెట్టగానే గుడి మొత్తం తల వంచింది. అది మాకిచ్చిన గౌరవమనుకుని అన్నయ్య పొంగిపోయి కళ్ళు మూసుకుని (క్యాసెట్ కవరు ప్రకారం) పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం దాటకముందే ముందు వరసలోని ఒక పెద్దాయన గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. పత్తికి పట్టిన పురుగు పోవాలన్నాడు, మిర్చికి ధర రావాలన్నాడు, అల్లుడు తాగుడు మానాలన్నాడు. ప్రార్థన మధ్యలో సంగీతం ఆపడం మర్యాద కాదు కాబట్టి, మేం పాట అయిపోయినా మళ్ళీ మొదటి నుంచి వాయించాం. చివరికి ఆమెన్ అని అందరూ కళ్ళు తెరిచాక, పాస్టరుగారు ప్రసన్నంగా లేచి, "ఇప్పుడు మన యౌవనస్థులు ఒక చక్కని పాట పాడి వినిపిస్తారు" అన్నారు.

ఆ తరువాత అన్నయ్య పాటకు ముందే, "దయచేసి అందరూ కళ్ళు తెరిచి ఉంచండి" అని మైకులో చెప్పి చూశాడు. సంగీతం మొదలు కాగానే జనం ఏం చేయాలో తోచక ఇబ్బందిగా కదిలారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ, "కళ్ళు తెరుచుకుని ప్రార్థన చెయ్యమంటన్నాడు, ఇదేం బోధమ్మా" అని పైకే అంది. వారం తిరిగేలోగా మేము వేరే బోధలో పడ్డామన్న మాట నల్లపాడు దాటి పోయింది. దాన్ని సర్దడానికి పాస్టరుగారికి రెండు ఆదివారాల వాక్యం ఖర్చయింది.

ఈ మాట చీమకుర్తిలో ఉన్న పెదనాన్న చెవిన కూడా పడింది. ఆయన అక్కడ రాళ్ళు కోసే యూనిట్‌లో మేస్త్రీ. సెలవు దొరికినప్పుడు ఇంటికొస్తాడు, వచ్చినప్పుడు సంఘ పెద్దగా గుడిలో ముందు వరసలో కూర్చుంటాడు. కొడుకు పాడగా ఆయన ఎన్నడూ వినలేదు. ఆ సెలవుకు వచ్చి, అన్నయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మా యూనిట్‌లో నీకు పని మాట్లాడా. నువ్వేమో ఇదేదో గొప్పదంటన్నావు. సరే, మీరు పాడబోయే పర్చూరు సువార్త సభలకి నేనే వచ్చి నా కళ్ళతో చూస్తా. పనికొస్తదనిపిస్తే ఉండిపో. లేదంటే తెల్లారి నాతో బస్సెక్కు" అన్నాడు. పెదనాన్న మాటంటే మాటే. అన్నయ్య ఆ సాయంత్రం గిటారు ముట్టుకోకుండా కూర్చుని, "వినడం కాదురా, చూస్తానన్నాడు. మన పాట మొదలైతే చూసేవాడెవడ్రా?" అన్నాడు. వాణ్ణి అంత దిగులుగా నేనెప్పుడూ చూడలేదు. నాకు కూడా భయం వేసింది, వాడు పోతే మిగిలేది ఎవరికీ వినపడని నా గిటారు.

నలుగురం కూర్చుని ఒక ఉపాయం పన్నాం. పాట కీబోర్డుతో కాకుండా డ్రమ్ములతో మొదలవ్వాలి. డ్రమ్ము మోగుతుంటే ఎవరూ ప్రార్థన అనుకోరు. టిక్కీ దానికోసం ఎంత సాధన చేశాడంటే, యార్డులో బస్తాలు కుట్టేటప్పుడు కూడా అదే దరువు వేస్తున్నాడని అక్కడి మేస్త్రీ తిట్టాడట.

పర్చూరులో పొగాకు లారీలు ఆగే ఖాళీ స్థలంలో పందిరి వేశారు. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు, స్థలమంతా జనం. మా వంతు వచ్చింది. టిక్కీ తన ప్రాణమంతా పెట్టి డ్రమ్ము మీద కొట్టాడు. మైక్ సెట్ కుర్రాడు అదిరిపడి, బాక్సు పేలిందనుకుని, డ్రమ్ముల దగ్గరి మైకు కట్టేశాడు. ఎందుకైనా మంచిదని కీబోర్డు శబ్దం పెంచాడు. దాంతో ఆ స్థలంలో జనానికి సరిగ్గా వినపడిన మొట్టమొదటి శబ్దం పాస్టరుగారి అమ్మాయి మెల్లగా వేసిన స్వరం. వరస తరువాత వరసగా తలలు వంగాయి. కొంగులు లేచాయి. అన్నయ్య ఇదేమీ చూడలేదు, అప్పటికే వాడు కళ్ళు మూసుకుని పాటలో ఉన్నాడు.

బేస్ గిటారు వాయించేవాడికి చేతినిండా పని ఉండదు. నేను వాయిస్తూనే జనాన్ని చూస్తున్నాను. ఎటు చూసినా వంగిన తలలే. పందిరి చివర, ట్యూబులైటు కట్టిన కర్ర పక్కన మాత్రం ఒక్క మనిషి నిటారుగా నిలబడి ఉన్నాడు. పెదనాన్న. పనిలోంచి నేరుగా లారీ ఎక్కి వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద రాతిపొడి ఇంకా అలాగే ఉంది. మెడ చాచి, కళ్ళు ఇంతలేసి చేసుకుని, కొడుకునే చూస్తున్నాడు. కాసేపటికి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. మళ్ళీ చూశాడు. అంతలో ఆయన చూపు నా మీద పడింది. నేను చూస్తున్నానని తెలిసింది. ఒక్కసారిగా మొహం సంఘ పెద్ద మొహంగా మారిపోయి, ప్రార్థనలో కళ్ళు తెరుస్తావా, మూసుకో అన్నట్టు చెయ్యి ఊపి కోపంగా సైగ చేశాడు. మూసుకున్నాను. మిగతా చరణాల్లో తప్పు తీగలన్నీ వాయించాను, ఎవరికీ తేడా తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే పర్చూరు బస్టాండులో అందరం టీ తాగుతున్నాం. అన్నయ్య సంచీ పట్టుకునే ఉన్నాడు. గ్లాసు చేతిలో తిప్పుతూ అడిగాడు.

"చూశావా నాన్నా?"

"చూడటమేందిరా, ప్రార్థన జరుగుతుంటే?"

"అది ప్రార్థన కాదు నాన్నా, మా పాట."

"అంతమంది తలలొంచారు. ప్రార్థన కాకపోతే ఎందుకొంచుతారు?"

ఇక నేనే ధైర్యం చేసి, "నువ్వు చూశావు పెదనాన్నా. నేను చూశాగా" అన్నాను.

"అంటే నువ్వు కళ్ళు తెరిచావన్నమాట."

"వాయిస్తన్నాను కదా."

"వాయించేవాళ్ళకి దేవుడు లేడా?" అని ఆయన నన్ను అక్కడితో ముగించాడు. తరువాత టీ ఊదుకుంటూ, కొడుకు వైపు చూడకుండానే, "నేను మాత్రం చూళ్ళేదు. సంఘ పెద్దని, ప్రార్థనలో కళ్ళు తెరుస్తానా?" అన్నాడు. ఒక గుక్క తాగాడు. "అయినా ఒరేయ్, పాట చివర మునివేళ్ళ మీద అట్టా లేస్తావెందుకురా? మైకు అందకపోతే కాస్త దించమని చెప్పొచ్చుగా."

టిక్కీకి టీ పొలమారింది. పాస్టరుగారి అమ్మాయి రాని బస్సు కోసం రోడ్డు వైపు తిరిగి చూడసాగింది. చివరి పై స్వరం అందుకునేటప్పుడు అన్నయ్య నిజంగానే మునివేళ్ళ మీద లేస్తాడు, అది వాడికే తెలియదు. ఇప్పుడు తెలిసింది. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చుట్టుపక్కల మిరపకాయలేమీ లేవు.

తాను ఏమన్నాడో పెదనాన్నకు ఒక క్షణం ఆలస్యంగా తట్టింది. గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఒంగోలు బస్సు వచ్చి ఆగింది. అన్నయ్య సంచీ ఎత్తబోతే, "నువ్వెక్కడికి?" అన్నాడు. "చూడకుండా తీర్పు చెప్పడం తప్పురా. పై సారి చూసి చెప్తా. అప్పటిదాకా ఇక్కడే తగలడు." ఒక్కడే బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేదాకా మా వైపు తిరగలేదు.

ఆ పై సారి చాలాసార్లు వచ్చింది. పర్చూరులో ప్రసంగం చేసినాయనకు మా పాటకు జనం వంగిపోవడం బాగా నచ్చి, తన సభల్లో ప్రార్థన వేళ వాయించడానికి మమ్మల్ని కుదుర్చుకున్నాడు. కొన్నేళ్ళపాటు రెండు జిల్లాలూ తిరిగాం. దగ్గరలో సభ ఉంటే పెదనాన్న తప్పకుండా వచ్చేవాడు, చివర్న నిలబడేవాడు, వెళ్ళేటప్పుడు, "ఈసారి కూడా ప్రార్థనలో పడిపోయానురా, పై సారి చూద్దాం" అనేవాడు. డ్రమ్ములూ, గిటార్లూ అన్నీ తానే వాయించే కీబోర్డులు వచ్చాక ఆ ప్రసంగీకుడికి మా అవసరం తీరిపోయింది. అన్నయ్య ఎవరూ చెప్పకుండా తనంతట తానే చీమకుర్తి బస్సెక్కాడు. ఇప్పుడు అదే యూనిట్‌లో మేనేజరు. టిక్కీ సొంతంగా కమీషన్ కొట్టు పెట్టుకున్నాడు. పాస్టరుగారి అమ్మాయి టీచరమ్మ అయింది.

మొన్నీమధ్య అందరం కలిసినప్పుడు అన్నయ్య, తల నెరిసిన మనిషి, చిన్నపిల్లాడిలా ముసలి తండ్రి మంచం పక్కన చేరి, "ఇప్పుడైనా చెప్పు నాన్నా, బాగానే ఉండేదా?" అని అడిగాడు. పెదనాన్న గోడ వైపు తిరిగి పడుకుంటూ, "చూస్తేగా చెప్పడానికి" అన్నాడు. అన్నయ్య నా వైపు చూసి నవ్వాడు. ఒకరి మెప్పు కోసం ఊళ్ళు పట్టుకు తిరిగిన ఆ తెల్ల చొక్కాల కుర్రాళ్ళు గుర్తొచ్చి నాకూ నవ్వొచ్చింది. అన్ని వేలమంది ముందు వాయించినా, మొత్తం మీద మా బ్యాండుకు దొరికిన ప్రేక్షకుడు ఆయన ఒక్కడే.