జిడ్డు కాచిన బండి

1962. వానలు ఇంకా మొదలుకాని రోజులు. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన మాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. రోడ్డు వైపు మా నాన్న కూర్చునేవాడు, ఆయన్ను అప్ప అని పిలిచేదాన్ని. వచ్చినవాళ్లతో మాట్లాడడం, బండి రోగం ఏమిటో వినడం ఆయన పని. షెడ్డు వెనక, మా ఇంటి వాకిట్లో, తడక చాటున ఇంజన్లు విప్పి బిగించేది నేను. బడి గడప తొక్కలేదు నేను. నేల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించింది అప్పే, చేతికి పానాలు ఇచ్చి మరలు విప్పడం నేర్పిందీ అప్పే. నాకు పెండ్లయిన కొత్తలోనే ఆయనకు చూపు మందగించింది. మా ఆయన లారీల మీద తిరిగే మనిషి కావడంతో నేను పుట్టింట్లోనే ఉండిపోయాను. అప్పటినుంచి అప్ప చెవి, నా వేళ్లు కలిసి ఒక మేస్త్రీ అయ్యాయి. ఆ చదువు ఇచ్చినందుకు ఇప్పటికీ పొద్దున లింగపూజలో ఆయనకొక నమస్కారం పెట్టుకుంటాను.

ఒక సోమవారం న్యాల్‌కల్ నుంచి ఎడ్లబండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. గోనెపట్టాల్లో చుట్టిన పెద్ద మూట ఒకటి దాని మీద పడుకుని ఉంది. పక్కన నడిచి వచ్చినవాడు గుండప్ప, పశువుల దవాఖానలో కంపౌండరు. మూట మీద చెయ్యి వేసి కూర్చున్నావిడ అతని వదిన నీలమ్మ. మూట విప్పగానే ఎర్రటి పొడి కారంలా రాలింది. లోపల పాత విలాయతి మోటార్ సైకిలు. ఒకప్పుడు దాని రంగేమిటో చెప్పడానికి కూడా ఆనవాలు లేదు.

పక్క కొట్లో గిన్నెలకు కళాయి పెట్టే కరీం చాచా నిప్పుల మీద నుంచి లేచి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఏం గుండప్పా, గిది యాడ దొరికింది? దున్నుతుంటె నాగలికి తలిగిందా?”

“మా అన్నది చాచా. పదేండ్ల సంది కొట్టంల ఉన్నది.”

“కొట్టంల ఉన్నదా, కొట్టాన్నే తిన్నదా?”

అప్ప నవ్వలేదు. వంగి వేళ్లతో తడిమాడు. హ్యాండిలు మీద చెయ్యి వేస్తే ఒక పెచ్చు ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. “బిడ్డా, గిది బండి గాదు. చచ్చిన బండి బొక్కలు,” అన్నాడు.

నీలమ్మ తల వంచుకుంది. గుండప్ప మాత్రం ఊరుకోలేదు. “జర మంచిగ చూడు పెద్దప్పా. చుట్టు ఊళ్లన్ని తిరగాలె నేను. సొంత బండి ఉంటెనే న్యాల్‌కల్‌ల ఉంచుత, లేకుంటె దూరం పంపుత అన్నడు మా సాబు. నెల దినాలు టైమిచ్చిండు. కొత్త బండికి పేరు రాయిస్తె ఏండ్లు ఆగాల్నంట. నేను పోతె పిల్లలను తోల్కపోత. వదినె ఒక్కతే అయితది.”

“నా ఫికర్ నీకెందుకు?” అంది నీలమ్మ మెల్లగా. కానీ ఆమె చెయ్యి బండి మీద నుంచి తియ్యలేదు. వారం కిందట పాత ఇనుము కొనేవాడు ఇంటికొస్తే గడప దగ్గరే అడ్డం నిలబడి పంపించేసిందని గుండప్ప తర్వాత చెప్పాడు.

బాగవుతుందో లేదో చెప్పడానికి ఎనిమిది రోజులు గడువు అడిగాను. బాగుపడుతుందని నమ్మి కాదు. చూడకుండా లేదనడం నాకు చేతకాదు, అంతే.

ఈ పని తెలియనివారికి ఒక మాట చెప్పాలి. తుప్పు పట్టిన బండిని కంటితో చూసి తీర్పు చెప్పకూడదు. పైన భయంకరంగా కనబడేది గోటితో గీకితే పోవచ్చు. రంగు నిగనిగలాడే చోట లోపల గుల్ల కావచ్చు. ముందు చూడవలసింది ఫ్రేము, అంటే అన్నిటినీ మోసే గొట్టాల చట్రం. అది పోతే మిగతాది ఎంత బాగున్నా బండిని వదులుకోవాల్సిందే. నేను చక్రాలు, ట్యాంకు, ఇంజను అన్నీ విప్పి, వట్టి ఫ్రేమును వాకిట్లో దూలానికి తాడుతో వేలాడదీశాను. సంతలో కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్లం ఏం చేస్తాం? ఎత్తి పట్టుకుని వేలి కణుపుతో కొడతాం. పగులుంటే మొద్దుగా పలుకుతుంది, మంచిదైతే ఖంగుమంటుంది. నేను ఫ్రేమునూ అలాగే చూస్తాను. చిన్న పానాతో ఒక్కొక్క గొట్టాన్నీ జానెడు జానెడు దూరంలో కొడుతూ పోయాను. అప్ప కళ్లు మూసుకుని విన్నాడు.

“మల్ల కొట్టు. ఇంక కిందికి.”

మళ్లీ కొట్టాను.

“గంట తీర్గ పలుకుతున్నది బిడ్డా! గిదేం చిత్రం?”

చిత్రమే. ట్యాంకు పైభాగం జల్లెడ అయింది. ముందు దీపం చుట్టూ ఉన్న రేకు పొడిపొడిగా రాలింది. ముందు చక్రం రిమ్ము నేలకు ఆనినచోట వేలు దూరేంత తుప్పు తినేసింది. కానీ ఫ్రేము గట్టిగా ఉంది. ఇంజను మీద బొటనవేలు మందాన నల్లటి జిడ్డు, మట్టి కలిసి కరుడుకట్టింది. దాన్ని గీకితే కింద లోహం తెల్లగా మెరిసింది. ఒకే కొట్టంలో, ఒకే గాలికి నిలబడిన బండి. పైన చచ్చిపోయి కింద బతికి ఉండడమేమిటి? రెండు రోజులు అదే ఆలోచన. పూజలో కూర్చున్నా ఆ ట్యాంకే కళ్లముందు.

ఇంజను తిరగడం లేదు. పిస్టన్, అంటే సిలిండరు గొట్టంలో పైకీ కిందికీ ఆడే ముక్క, బిగుసుకుపోయింది. అలాంటప్పుడు కోపంగా కిక్కు కొడితే ఉన్నది కూడా విరుగుతుంది. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో ఘాసులేటు, అంటే కిరసనాయిలు, ఇంజను నూనెతో కలిపి పోశాను. ఇంజనునూ వెనక చక్రాన్నీ తిరిగి ఫ్రేముకు బిగించి, గేరులో పెట్టి, పొద్దున ఒకసారి, దీపం పెట్టే ముందు ఒకసారి వెనక చక్రాన్ని ఊయల ఊపినట్టు ముందుకూ వెనక్కీ ఊపేదాన్ని. నాలుగు రోజులైనా పిస్టన్ కదలలేదు.

అయిదోరోజు సంత. నీలమ్మక్క వచ్చింది. చేతిలో కొబ్బరికాయ, విభూతి, చిన్న చెంబు.

“చెల్లె, మొదలువెట్టినప్పుడు పూజ చెయ్యలే మనం. జర చేసుకుంట, ఏమనుకోకు.”

నేనేం అనుకుంటాను? నేనే ప్రతి పొద్దున పానాలకు విభూతి పెట్టి గాని ముట్టుకోని మనిషిని. ట్యాంకును, దీపాన్ని, ముందు చక్రాన్ని ఆమె ముందుకు జరిపి పెట్టాను. చెంబు నీళ్లు దీపం మీద పోసింది. విభూతి తడిపి మూడు వేళ్లతో ట్యాంకు మీద పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, చిప్పలోని నీళ్లు ట్యాంకు నడుమ అభిషేకంలా వదిలింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టి చేత్తోనే నొక్కింది.

ఆ నీళ్లు ఎక్కడెక్కడ పారాయో చూస్తూ నిలబడిపోయాను. ఒక్క చుక్క కూడా దారి తప్పలేదు. తుప్పు తినేసిన గాడి వెంబడే పోయింది.

“అక్కా, గిట్ల ఎప్పుడెప్పుడు చేస్తవు?”

“సోమవారం సోమవారం. కాయ దసరాకు, ఉగాదికి. చేసినంక గోనెపట్ట కప్పుత, దుమ్ము వడకుంట.”

“తుడుస్తవా?”

“తీర్థం తుడుస్తరా ఎవరన్న?”

“ఇంజను మీద పొయ్యలే?”

“ఛీ, అది జిడ్డు. దేవుని నీళ్లు జిడ్డు మీద ఎట్ల పోస్త?”

షెడ్డులోంచి అప్ప దగ్గిన చప్పుడు వినబడింది. ఆయనకు అర్థమైపోయింది. అప్పకు ఒక నియమం ఉండేది: తుప్పు తీసి ఇవ్వడం సగం పనే, ఎందుకు పట్టిందో చెప్పకుండా బండి అప్పగించకూడదు, చెప్పకపోతే అది మళ్లీ వస్తుంది. కానీ పదేళ్ల భక్తిని పట్టుకుని ఇదే రోగం అని ఎలా చెప్పను? చెప్పే అవసరం రాలేదు. నా చూపు వెంబడే ఆమె చూపూ వెళ్లింది. ట్యాంకు మీద తడి గీతను, దాని పక్కన రంధ్రాల వరసను చూసింది.

“అంటె… నేనే తిన్ననా దీన్ని?”

“నీళ్లు తిన్నయక్కా. కొబ్బరినీళ్లల్ల ఉప్పుంటది, నిమ్మపండుల పులుపుంటది. పైన తడి గోనెపట్ట. నీ భక్తి తినలే.”

ఆమె అరుగు మీద కూలబడింది. నాకు చేతులు ఊరికే పెట్టుకుని ఉండడం రాదు. ఇంజను దగ్గరికి పోయి కార్బొరేటరు విప్పడం మొదలుపెట్టాను. గాలీ పెట్రోలూ కలిసి ఇంజనులోకి పోయే మూతి అది. లోపల ఏదో మెత్తగా తగిలింది. లాగితే నూనెలో తడిపి కుక్కిన గుడ్డ పీలిక వచ్చింది. పొగగొట్టం చివర వేలు పెట్టి చూస్తే అక్కడా అదే. పదేళ్ల నూనె ఇంకా వేళ్లకు అంటింది. అంచున ఎర్రటి చారలు కనబడ్డాయి.

“అక్కా, గిది ఎవరు పెట్టిన్రు?”

ఆమె లేచి వచ్చి గుడ్డ అందుకుంది.

“గిది నా ఇల్కల్ చీర కొంగు. చినిగిన చీర ఏమయిందని ఎంత కొట్లాడిన ఆయనతోని! పట్నం దవాఖానకు పోయేనాడు… నెల దినాల్ల వస్త, బండి జోలికి ఎవరు పోవద్దు అన్నడు. రాలే.”

అంటే మళ్లీ వచ్చి ఎక్కుదామనే మనిషి, తడి లోపలికి పోకుండా రెండు మూతులూ మూసి వెళ్లాడు. పైన ఆమె నీళ్లు పోసింది, లోపల ఆయన నూనె కాపలా ఉంది. నేను చేసిందేమీ లేదు. శివా, నీ దయ అనుకున్నాను.

“చెల్లె, ఇంజను బాగుంటదా గట్లయితె?” అని అడిగింది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. అప్పుడే ఆమె నోట మొదటిసారి ఆశ విన్నాను.

“ఉంటదనే పెట్టిపోయిండక్కా.”

ఆ తర్వాత రెండో రోజు పొద్దున చక్రం ఊపుతుంటే, నువ్వుగింజంత కదలిక నా అరచేతికి తెలిసింది. అప్పను కేకేశాను. ఆయన చక్రం మీద చెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉండి, “పానం వచ్చింది,” అన్నాడు.

ట్యాంకు కరీం చాచాకు ఇచ్చాం. “జల్లెడ ఇచ్చిన్రు, ట్యాంకేది?” అన్నాడు. నవ్వుతూనే పైరేకు కోసి, కొత్త రేకు అతికి, లోపల బిర్యానీ దేగుచా తీరు కళాయి పూశాడు. ముందు రిమ్ము, విరిగిపోయిన ఇంకో బండి నుంచి తెచ్చాం. ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో చెమ్మగిల్లితే, పొయ్యి పక్కన వెచ్చటి బూడిద మీద గుడ్డలో చుట్టి మూడు రోజులు ఆరబెట్టాను. రవ్వ వస్తుందో లేదో చూడడానికి అప్ప తీగ చివర గుండప్ప చేతికిచ్చి, నన్ను కిక్కు కొట్టమన్నాడు. గుండప్ప ఎగిరి తడక మీద పడ్డాడు.

“ఆవులకు సూదులిచ్చెటోడివి, గింతదానికే గట్లనా?” అన్నాడు అప్ప.

నెల గడువుకు ఇంకా నాలుగు రోజులుండగా ఇంజను మోగింది. మొదట నల్లటి పొగ, దగ్గు, తర్వాత నిదానంగా టక్ టక్ టక్. రోడ్డు మీద జొన్నల బండ్లు ఆపి చూశారు జనం. నీలమ్మక్క మాత్రం దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి చెవి ఒగ్గి వింది. “గదే గొంతు,” అంది. గుండప్ప ఆ బండి మీదే తన సాబు ముందుకు పోయాడు. న్యాల్‌కల్‌లోనే ఉండిపోయాడు.

అంతకుముందు, బండి అప్పగించేటప్పుడు నీలమ్మక్క అడిగింది, “ఇగ పూజ బందు చెయ్యాల్నా?”

నేను అప్ప వైపు చూశాను. ఆయన నీకే వదిలేశానన్నట్టు ముఖం తిప్పుకున్నాడు.

“ఎందుక్కా? దేవునికి తైలాభిషేకం లేదా? గదే చెయ్యి. నూనె గుడ్డతోని తుడువు. నీళ్లు పడితె అప్పుడే ఆరదుడువు. తుడుచుడు గూడ పూజల భాగమే అనుకో.”

ఆమె ఆ ఇల్కల్ పీలికను రెండు ముక్కలుగా చింపింది. ఒకటి తన బొడ్లో దోపుకుంది, ఒకటి నా చేతిలో పెట్టింది. “గట్లయితె నువ్వు గూడ చెయ్యి. నీ పానాల మీద గూడ ఎర్రగ కనవడుతున్నది, చూస్కున్నవా?”

సిగ్గుపడి చూశాను. ప్రతి పొద్దున తడి విభూతి పెట్టినచోట, నా పానాల మీద మూడు సన్నటి తుప్పు గీతలు ఉన్నాయి. ఇంకొకరి బండి మీద గుర్తుపట్టినదాన్ని నా చేతిలో చూసుకోలేదు.

ఆ రోజు నుంచి నా పూజ ఒక్క పని ఎక్కువైంది. విభూతి పెడతాను, దండం పెడతాను, తర్వాత నూనె గుడ్డతో తుడుస్తాను. ఆ ఎర్ర చారల ముక్క ఎప్పుడో నలిగి పోగులైపోయింది. వేరే గుడ్డలు వచ్చాయి, పోయాయి. తుప్పు పట్టిన బండిని ఎవరైనా తెస్తే ఇప్పటికీ నేను మొదట అడిగేది అది ఎంత పాతదని కాదు. దీన్ని ఎవరు ప్రేమగా చూసుకున్నారు, ఎట్లా చూసుకున్నారు అని అడుగుతాను. సగం రోగం ఆ జవాబులోనే ఉంటుంది. మందు కూడా చాలాసార్లు అక్కడే దొరికింది.